మా చర్చి లైట్లకు ఐపీ అడ్రసులు పెట్టిన సంగతి

నేను ఒంగోలులో సీసీ కెమెరాలు బిగిస్తుంటాను. మా ఊరు టంగుటూరు పక్కన. 2023 క్రిస్మస్‌కి చర్చి ముందు పాటకు తగ్గట్టు వెలిగే లైట్లు పెడదామని యౌవనస్థుల కూడికలో మాట వచ్చింది. అనగానే అందరూ నా వైపు తిరిగారు. కెమెరాలకు వైర్లు లాగేవాడికి లైట్లు ఎంత పని అని వాళ్ళ లెక్క. ఫోన్లో ఎవరో అమెరికా వాళ్ళ ఇంటి వీడియో చూశారు, ఇల్లంతా పాటతో పాటు రంగులు మారుతోంది, అట్టాంటిదే కావాలి. సంఘ పెద్దలు ఖర్చు ఎంత అని అడిగారు. పాస్టరు అయ్యగారు మాత్రం ఒకటే అడిగారు, "గోపురం మీద నక్షత్రం పెద్దదిగా ఉండాలి బాబూ, రోడ్డు మీదికి కనపడాలి."

నక్షత్రం మీద మా వాళ్ళకు ఉన్న మమకారానికి కారణం లేకపోలేదు. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ని మూసేద్దామా ఉంచుదామా అని వాళ్ళ దేశంలో ఏళ్ళ తరబడి తర్జనభర్జన పడ్డారు. ఒంటరిగా మిగిలిన ఆ మిషన్‌కి లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అని పేరు పడిపోయింది. తర్వాత ఆ మిషన్‌కి చెందిన క్లౌ దొర ఒంగోలు రావడం, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం మా సండే స్కూల్లో పిల్లలక్కూడా తెలిసిన కథే. కాబట్టి మిగతా లైట్లు ఎట్టా ఉన్నా నక్షత్రం విషయంలో రాజీ లేదు.

అంతకుముందు మా చర్చికి లైట్లు కట్టేది ఒక పెద్దాయన. ఊళ్ళో అందరికీ ఆయన కరెంటు మామే. కోటప్పకొండ తిరునాళ్ళకి కరెంటు ప్రభలు కట్టిన చెయ్యి. ఆయన దగ్గర ఇప్పటికీ ఒక డ్రమ్ము ఉంది. మూరెడు పొడుగు చెక్క రోలరు, దాని మీద రాగి రేకులు రకరకాల పొడవుల్లో మేకులతో కొట్టి ఉంటాయి, పైన వరసగా పత్తీలు, అంటే బల్బుల వైర్లు కలిపిన రేకు ముక్కలు, ఆనుకుని ఉంటాయి. చిన్న మోటారు రోలర్ని తిప్పుతుంటే ఏ పత్తీ కింద రాగి వస్తే ఆ వరస బల్బులు వెలుగుతాయి. నెమలి పింఛం విప్పడం, చక్రం తిరగడం, అన్నీ దాంతోనే. తిరిగేటప్పుడు చిటచిటమని నీలం నిప్పురవ్వలు ఎగురుతుంటాయి, కాలిన రాగి వాసన వస్తుంది.

నేను కొత్త లైట్ల సంగతి చెబుతుంటే ఆయన మధ్యలో ఆపి ఒకే ప్రశ్న వేశాడు. "అల్లుడూ, వరసకో వైరు చొప్పున అన్నీ నా డ్రమ్ముకే వస్తాయి. నీవి వెయ్యి బల్బులంటున్నావు, వెయ్యి వైర్లు ఎక్కడికి తెస్తావు?"

నిజానికి పని మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. పిక్సెల్ లైట్లలో ప్రతి బల్బులోనూ డబ్ల్యూఎస్2811 అనే చిన్న చిప్ ఉంటుంది. బల్బు నుంచి బల్బుకి వెళ్ళేవి మూడే వైర్లు: 5 వోల్టులు, గ్రౌండు, డేటా. డేటా వైరులో అందరి కబుర్లూ వరసగా వస్తాయి. మొదటి బల్బు తనకు కావలసిన 24 బిట్లు, అంటే ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోదానికి 8 చొప్పున తీసుకుని, మిగతాది పక్క బల్బుకి పంపేస్తుంది. అది తన వంతు తీసుకుని ఆ పక్కదానికి. బల్బుకి పేరూ నంబరూ ఏమీ ఉండవు, వరసలో ఎన్నోది అన్నదే దాని అడ్రసు. మామకి ఇది చెబితే కాసేపు ఆలోచించి, "అయితే మధ్యలో ఒకటి పోతే వెనకవన్నీ పోతాయి కదా" అన్నాడు. అవును, పోతాయి. ఆ మాట పనిలోకి దిగాక చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇక లెక్క. గోపురం నక్షత్రానికి 150 బల్బులు: బయటి గీత 80, మధ్య గీత 50, లోపల 20. చర్చి ముఖం మీద కమానులకీ చూరుకీ కలిపి 340. ఆవరణలో 18 అడుగుల సర్వి కర్ర పాతి, చుట్టూ శంకువు ఆకారంలో 16 దండలు దించి చేసే చెట్టుకి, దండకి 50 చొప్పున 800. మొత్తం 1,290 బల్బులు, రంగుకొకటి చొప్పున బల్బుకి 3 ఛానెళ్ళు కాబట్టి 3,870 ఛానెళ్ళు. నాటకాల లైట్లకి వాడే డీఎంఎక్స్ పద్ధతి నుంచి వచ్చిన లెక్క ప్రకారం 512 ఛానెళ్ళని ఒక యూనివర్స్ అంటారు. దాంట్లో 170 బల్బులు పడతాయి, రెండు ఛానెళ్ళు మిగిలిపోతాయి. కమానులకి 1, 2 యూనివర్సులు, నక్షత్రానికి 3, చెట్టుకి 4 నుంచి 8 వరకు. ఇదంతా ఒక తెల్ల కాగితం మీద గీసి, ఏ దండ ఏ బల్బుతో మొదలై ఏ బల్బుతో ముగుస్తుందో బాణం గుర్తులతో సహా రాసుకున్నాను. పనంతా అయ్యేదాకా ఆ కాగితం నా జేబులోనే ఉంది, చెమటకి మడతల దగ్గర చిరిగితే సెల్లోటేపు వేశాను.

బల్బులకి కబుర్లు పంపే కంట్రోలరు ఒక్కటే పెట్టి అన్నిటికీ వైర్లు లాగొచ్చు కదా అని మా కుర్రాళ్ళు అడిగారు. కుదరదు. కంట్రోలరు నుంచి మొదటి బల్బుకి వెళ్ళే డేటా వైరు నాలుగైదు మీటర్లు దాటితే సిగ్నల్ పాడై బల్బులు పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి. మా గోపురం నలభై అడుగులు. అదే ఈథర్నెట్ కేబులైతే 100 మీటర్ల దాకా నిక్షేపంగా పోతుంది. అందుకే కంట్రోలర్లని లైట్ల దగ్గరే పెట్టి, వాటి దాకా నెట్‌వర్క్ కేబులు లాగడం. ఒక పెట్టె గోపురంలో గంట పక్కన, ఒకటి వాకిలి పైన సన్‌షేడు కింద, ఒకటి చెట్టు మొదట్లో. మూడిటినీ లోపల సౌండు గదిలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌కి కలిపి, ఆ స్విచ్‌కి షో నడపడానికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు. కెమెరాలు బిగించేవాడికి ఇది రోజూ చేసే పనే. నాకు కొత్తవల్లా ఆ పెట్టెల్లో ఉన్నవి.

పెట్టెల్లో పెట్టినవి ఈఎస్‌పీ32 చిప్ ఉన్న, ఈథర్నెట్ పోర్టు ఉన్న చిన్న బోర్డులు. వాటిలోకి డబ్ల్యూఎల్ఈడీ అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కించాను. వైఫైతో పనిచేసేవి ఇంకా చవకగా దొరుకుతాయి, కానీ క్రిస్మస్ రాత్రి చర్చి ఆవరణలో ఎంతమంది ఉంటారో, ఎన్ని ఫోన్లు ఉంటాయో నాకు తెలుసు. పెళ్ళి మంటపాల్లో వైఫై కెమెరాలు జనం రాగానే ఎట్టా చచ్చుబడతాయో చూసినవాణ్ణి. కేబులు లాగడానికి ఒకరోజు పోతుంది, పోతే పోయింది.

నవంబరు ఆఖరుకి కర్ర పాతి, నక్షత్రం ఫ్రేము పైకెక్కించాం. ఇనప గొట్టాలతో వెల్డింగు, దాని మీద సన్‌ప్యాక్ అనే ప్లాస్టిక్ షీటు, షీటుకి 12 మిల్లీమీటర్ల బొక్కలు, బొక్కకో బల్బు. ఇంతలో మిచాంగ్ తుఫాను కబురు. ఫ్రేము దించేశాం, కర్ర పీకి గోడవార పడుకోబెట్టాం. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కురిసిన వానకి పొగాకు తోటల్లో నీళ్ళు నిలబడ్డాయి, ఊళ్ళో సగం మంది మోటార్లు పెట్టి నీళ్ళు తోడే పనిలో పడ్డారు. ఆ పరిస్థితిలో లైట్ల గురించి మాట్లాడటానికే మొహమాటంగా ఉండేది. నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ సండే స్కూలు గదిలో బెంచీలు కలిపి, దండలన్నీ పరిచి, అక్కడే పరీక్షించడం మొదలుపెట్టాం. ఇట్టాంటి పని తలపెట్టేవాళ్ళకి నేను చెప్పేది, తుఫాను లేకపోయినా ముందు గదిలో పరిచి చూడండి. నలభై అడుగుల ఎత్తులో తేలే సమస్య బెంచీ మీద తేలితే పది నిమిషాల పని.

బెంచీ మీద తేలినవి ఇవి. రెండు చోట్ల కొన్న దండల్లో వైర్ల రంగులు వేరు. ఒకదానిలో ఎరుపు ప్లస్సు, నీలం గ్రౌండు, ఇంకోదానిలో తెలుపు గ్రౌండు. అమ్మినాయన కాగితం కూడా పెట్టలేదు. రంగుని నమ్మకుండా ప్రతి దండ మొదట్లో మీటరు పెట్టి చూసి, మొదలూ చివరా గుర్తించాం. బల్బుకి డేటా ఒక వైపు నుంచే లోపలికి వెళుతుంది, తిప్పి కలిపితే వెలగదు. తర్వాత ఎరుపు వెయ్యమంటే కొన్ని దండల్లో పచ్చ వెలిగింది. చిప్ రంగుల్ని తీసుకునే వరస కొన్నిట్లో ఆర్‌జీబీ (ఎరుపు, పచ్చ, నీలం), కొన్నిట్లో జీఆర్‌బీ (పచ్చ, ఎరుపు, నీలం). డబ్ల్యూఎల్ఈడీలో ఒక్కో అవుట్‌పుట్‌కి ఆ వరస మార్చే వీలుంది కాబట్టి ఒక రకం దండలన్నీ ఒక అవుట్‌పుట్ కిందికి సర్దాం. పచ్చ శాంటా తాత పుట్టకముందే పోయాడు.

మొదటి బల్బు మాత్రం మెరుపులు మెరుస్తూ సతాయించింది. ఈఎస్‌పీ32 ఇచ్చే సిగ్నల్ 3.3 వోల్టులు. 5 వోల్టుల మీద నడిచే డబ్ల్యూఎస్2811 దాన్ని ఒకటి అని గట్టిగా గుర్తించాలంటే 3.5 కావాలి. చిన్న తేడానే, ఒక దండకి పనిచేస్తుంది, ఇంకోదానికి చెయ్యదు, అందుకే పట్టుకోవడం కష్టం. మధ్యలో 74హెచ్‌సీటీ245 అనే ఐసీ పెట్టి సిగ్నల్‌ని 5 వోల్టులకు ఎత్తితే ఆ మెరుపులు పోయాయి. గోపురంలో పెట్టెకీ నక్షత్రానికీ కొంచెం దూరం ఉంది కాబట్టి మధ్యలో ఒక బల్బు అదనంగా కలిపాను. అది వెలగదు, వచ్చిన సిగ్నల్‌ని శుభ్రంగా తిరగరాసి ముందుకి పంపుతుంది. మొదటి బల్బుని వదిలెయ్యమని ప్రోగ్రాంలో చెప్పాలి, లేకపోతే బొమ్మ మొత్తం ఒక బల్బు పక్కకి జరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది కరెంటు గురించి. ఒక్కో బల్బు నిండు తెలుపులో దాదాపు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 50 బల్బుల దండకి 3, చెట్టుకి 48 ఆంపియర్లు. 5 వోల్టుల దగ్గర ఇంత కరెంటు సన్న వైర్లలో పోదు. రెండో దండ చివరికొచ్చేసరికి తెలుపు కాస్తా పసుపై, ఇంకా ముందుకెళితే ఎర్రబడిపోతుంది. ఎందుకంటే నీలం, పచ్చ ఎల్ఈడీలు వెలగడానికి మూడు వోల్టుల దాకా కావాలి, ఎరుపుకి రెండు చాలు. వోల్టేజీ పడిపోతుంటే ముందు నీలం చేతులెత్తేస్తుంది, ఆఖర్న మిగిలేది ఎరుపే. మందు ఏమిటంటే దండ దండకీ మధ్య విడిగా మందపాటి వైరుతో 5 వోల్టులు ఎక్కించడం. ఇంటి కరెంటుని 5 వోల్టులకు మార్చే పెట్టెల్ని ఎస్‌ఎంపీఎస్‌లు అంటారు. చెట్టుకి 40 ఆంపియర్లవి రెండు, నక్షత్రానికీ కమానులకీ ఒక్కోటి. ఎస్‌ఎంపీఎస్‌ల ప్లస్సులు కలపకూడదు, గ్రౌండ్లు మాత్రం అన్నీ కలవాలి, డేటాకి ఆధారం గ్రౌండే. ఇక వెలుతురు ముప్పై శాతానికి తగ్గించి పెట్టాను. పల్లెటూళ్ళో రాత్రిపూట అంతకంటే ఎక్కువైతే కళ్ళు జిగేల్మంటాయి, సగానికి పైగా కరెంటు కూడా కలిసొస్తుంది.

నెట్‌వర్క్ నాకు తెలిసిన విద్య కాబట్టి తేలిగ్గా తేలిపోతుందనుకున్నాను. రాస్ప్‌బెర్రీ పైకి 192.168.50.10, చెట్టుకి 21, నక్షత్రానికి 22, కమానులకి 23. అన్నీ స్థిరమైన అడ్రసులే, రూటరు ఇచ్చే అడ్రసు మీద ఆధారపడితే కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరు ఎవరో తెలియదు. రాస్ప్‌బెర్రీ పై నుంచి కంట్రోలర్లకి కబురు వెళ్ళే పద్ధతి ఈ1.31. దాన్ని మల్టీకాస్ట్‌లో పెడితే ఎవరి అడ్రసూ చెప్పక్కర్లేదు, అందరికీ వినపడేలా అరిస్తే ఎవరి యూనివర్స్ వాళ్ళు ఏరుకుంటారు. బెంచీ మీద బ్రహ్మాండంగా నడిచింది. సౌండు గదిలో ఉన్న స్విచ్‌కి కలిపిన ఆదివారం లైవ్ ఇచ్చే కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆరాధన లైవ్ ఆగి ఆగి వెళుతోంది, వైఫైలో ఫోన్లకి నెట్ అందడం లేదు.

కారణం పట్టడానికి పెద్ద సమయం పట్టలేదు. మామూలు స్విచ్‌కి మల్టీకాస్ట్‌లో ఎవరికి కావాలో ఎవరికి అక్కర్లేదో తెలియదు, వచ్చింది వచ్చినట్టు అన్ని పోర్టుల్లోకీ పోస్తుంది. దానికే చర్చి వైఫై రూటరు తగిలించి ఉంది. సెకనుకి నలభై సార్లు ఎనిమిది యూనివర్సుల కబుర్లు గాల్లోకి కూడా వదులుతోంది, అదీ వైఫైలో మల్టీకాస్ట్ అన్నిటికంటే నెమ్మది వేగంతో వెళుతుంది. ఎవరికి కావాలో వాళ్ళ పోర్టుకే పంపే, ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్ కొంటే సరిపోతుంది. నేను అంతదూరం పోలేదు. లైట్లకి వేరే స్విచ్ పెట్టి, చర్చి నెట్‌కీ దానికీ సంబంధం లేకుండా చేశాను. అట్టాగే మల్టీకాస్ట్ తీసేసి డీడీపీ అనే ఇంకో పద్ధతికి మారాను. ఇందులో యూనివర్సుల గొడవ లేదు, ఏ కంట్రోలరు అడ్రసుకి దానికే పంపుతుంది, ఒక్కో ప్యాకెట్టులో 480 బల్బుల రంగులు పడతాయి. చెట్టు 800 బల్బులకి రెండు ప్యాకెట్లు చాలు. జేబులో కాగితం మీద యూనివర్సుల కాలమ్ కొట్టేశాను, ఎంత ప్రాణం లేచొచ్చిందో.

చెట్టు విషయంలో ఇంకో లెక్క. ఒక బల్బుకి డేటా పోవడానికి 30 మైక్రో సెకన్లు. 800 బల్బుల్ని ఒకే గొలుసుగా కలిపితే 24 మిల్లీ సెకన్లు. సెకనుకి నలభై బొమ్మలంటే బొమ్మకి 25 మిల్లీ సెకన్లే ఉంది. అంత ఇరుకులో పెట్టుకోవడం దేనికని నాలుగు అవుట్‌పుట్లుగా విడగొట్టాను. ఒక్కోదానికి నాలుగు దండలు, కింద నుంచి పైకి ఒకటి, పై నుంచి కిందికి ఒకటి, మళ్ళీ అట్టాగే.

పాటకి లైట్లు కట్టే పని ఎక్స్‌లైట్స్ అనే ప్రోగ్రాంలో. ఇదీ ఉచితమే. చర్చి ఫొటో వెనక పెట్టుకుని దాని మీద చెట్టు, నక్షత్రం, కమానులు గీస్తే తెర మీదే ఎట్టా వెలుగుతాయో కనపడుతుంది. దీని గురించి ఎక్కువ రాయను, నేర్చుకోవడానికి వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. ఒక్క విషయం మాత్రం. పాట మా క్వయర్ వాళ్ళే పాడి ఫోన్లో రికార్డు చేసింది. సినిమా పాటలా ఒకే లయలో ఉండదు, ఉత్సాహం వచ్చినకొద్దీ వేగం పెరుగుతుంది. కంప్యూటరు తనంతట తను పట్టిన తాళం రెండో చరణానికే దారి తప్పింది. మా క్వయర్లో కంజీర వాయించే అక్కని కూర్చోబెట్టి, పాట వింటూ తాళానికో సారి కీ నొక్కమన్నాం. ఆమె నొక్కిన గుర్తుల మీద లైట్లు కట్టాం. పల్లవి దగ్గర ఆమె కావాలనే ఒక తాళం వదిలేసింది. అక్కడ లైట్లన్నీ ఆరిపోయి నక్షత్రం ఒక్కటే ఉంటే బాగుంటుందని చెప్పింది. అట్టాగే చేశాం. షో మొత్తంలో జనం అరిచింది అక్కడే.

వానలు తగ్గాక మళ్ళీ కర్ర పాతడం, దండలు దించడం. ఇక్కడ పెత్తనం కరెంటు మామది. గాలికి దండ ఎటు లాగుతుందో, ఎక్కడ కడితే తెగదో ఆయనకి తెలిసినట్టు నాకు తెలియదు. దండలకి నేను నంబర్లు రాసిన స్టిక్కర్లు అంటిస్తుంటే చూసి నవ్వాడు. ప్రతి దండ మొదట్లో పురికొస కట్టి, దానికి ముళ్ళు వేశాడు. మొదటి దానికి ఒకటి, రెండో దానికి రెండు, అట్టా నాలుగు దాకా, అవుట్‌పుట్‌కో రంగు పురికొస. ప్రభలకి ఆయన వైర్లు ఇట్టాగే గుర్తు పెట్టేవాడట. 23 సాయంత్రం పొద్దుపోయాక చెట్టులో మూడు దండలు ఆరిపోయాయి. స్టిక్కర్లు మంచుకి తడిసి ఊడిపోయి ఉన్నాయి. మామ చీకట్లోనే వేళ్ళతో ముళ్ళు తడుముకుంటూ పోయి, "పచ్చది, రెండు ముళ్ళు, ఇదిగో" అని ఊడిన కనెక్టరు నా చేతిలో పెట్టాడు.

వర్షం, మంచు పడే చోట బల్బులకి ఏమీ కాదు, నీళ్ళు దిగేది కనెక్టర్లలోకి. వాటికి సిలికాన్ పూసి, నోరు కిందికి ఉండేలా కట్టాం. పెట్టెలోకి వచ్చే ప్రతి వైరుకీ ముందు కిందికి ఒక వంపు ఇస్తే నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లోపలికి రావు. 5 వోల్టులతో మనిషికి ప్రమాదం లేదు కానీ ఎస్‌ఎంపీఎస్‌లకి వచ్చేది 230. పిల్లలు తిరిగే ఆవరణ, తడి నేల. కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా లైను ఇవ్వనని సంఘ పెద్దలకి ముందే చెప్పాను. డబ్బుల దగ్గర కాస్త సణిగినా పెట్టించారు. మెయిన్ల దగ్గర ఎర్తు కూడా కొత్తగా వేయించాం.

క్రిస్మస్‌కి ముందు చేసుకునే సెమీ క్రిస్మస్ రోజు మొదటిసారి జనం ముందు వేశాం. రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు వేసేసరికి నిమిషం. రాస్ప్‌బెర్రీ పై మళ్ళీ లేచి, అందులో షో నడిపే ఫాల్కన్ ప్లేయరు అనే ప్రోగ్రాం సిద్ధమయ్యేసరికి ఇంకో నిమిషం పైనే. అంతసేపు చర్చి చీకటి. మర్నాడు రాస్ప్‌బెర్రీ పైకీ స్విచ్‌కీ, ఇళ్ళల్లో వైఫై రూటర్లకి పెట్టుకునే చిన్న యూపీఎస్‌లు పెట్టాను. కంట్రోలర్లకి అక్కర్లేదు, అవి కొన్ని సెకన్లలోనే లేస్తాయి. వాటికి ఇంకో సుగుణం ఉంది. లేవగానే ఏం వెలిగించాలో ముందే చెప్పి పెట్టొచ్చు. కబుర్లు రావడం రెండున్నర సెకన్లు ఆగితే, తమ సొంత బొమ్మకి తిరిగి వస్తాయి. నక్షత్రానికి నిలకడగా లేత పసుపు తెలుపు, కమానులకి అదే, చెట్టుకి నిదానంగా జారే మంచు. దాంతో ప్లేయరు ఆగినా, కేబులు ఊడినా, ఎవరికీ తేడా తెలియదు. అయ్యగారికైతే పాట లేనప్పుడు ఉండే ఆ నక్షత్రమే ఎక్కువ నచ్చింది.

శబ్దం గురించి కూడా చెప్పాలి. ప్లేయరు నుంచి నేరుగా ఆంప్లిఫయరుకి తీస్తే గుయ్‌మని హమ్ము. యూఎస్‌బీ సౌండు కార్డు పెట్టి, మధ్యలో రెండు వైపుల గ్రౌండ్లనీ విడదీసే ఐసొలేటరు వేస్తే పోయింది. బ్లూటూతు స్పీకరు ఎవరో తెచ్చారు గానీ దాంట్లో పాట ఆలస్యంగా వినపడుతుంది, లైట్లు ముందు, పాట వెనక. దాన్ని సండే స్కూలుకి ఇచ్చేశాం.

క్రిస్మస్ సోమవారం వచ్చింది, అది బాగానే గడిచింది. అసలు టెన్షన్ 31 రాత్రికి. కొత్త సంవత్సరం ఆరాధనకి సరిగ్గా పన్నెండు గంటలకి చెట్టు మీద లైట్లు కింద నుంచి పైకి పాకి నక్షత్రం భగ్గుమనాలని ప్లాను. ప్లేయరుకి టైము పెడితే దానంతట అదే వేస్తుంది. అయితే రెండు రోజుల ముందు మధ్యాహ్నం చాలాసేపు కరెంటు లేదు, చిన్న యూపీఎస్ కూడా అయిపోయింది. ఆ సాయంత్రం ఆరున్నరకి మొదలవాల్సిన షో మొదలవలేదు. తెర మీద చూస్తే ప్లేయరు గడియారం ఇంకా మధ్యాహ్నంలోనే ఉంది. ఆ బోర్డులో గడియారానికి బ్యాటరీ ఉండదు. ఇంటర్నెట్ ఉంటే అక్కడి నుంచి టైము తెచ్చుకుంటుంది, లేకపోతే ఆగిపోయిన దగ్గర నుంచే లెక్కపెడుతుంది. లైట్ల నెట్‌వర్క్‌ని ఇంటర్నెట్ నుంచి విడగొట్టింది నేనే కదా, అది ఎక్కడ నుంచి తెచ్చుకుంటుంది.

నాణెం బ్యాటరీతో నడిచే డీఎస్3231 అనే గడియారం ముక్క ఒకటి దొరుకుతుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులకి తగిలించి, ప్లేయరు సెట్టింగుల్లో అది ఉందని చెబితే సరి. ఇంజినీరింగ్ చదివే మా పెదనాన్న మనవడి ప్రాజెక్టు డబ్బాలో ఒకటి ఉంటే తెప్పించాను. పైగా 31 సాయంత్రం నా ఫోను హాట్‌స్పాట్‌కి రాస్ప్‌బెర్రీ పైని వైఫైలో కలిపి టైము సరిచూసుకున్నాను. వైర్డు పోర్టు లైట్లకి, వైఫై బయటికి, రెండూ వేరువేరు నెట్‌వర్కులు కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావు. మొదట్నుంచీ ఇట్టాగే పెట్టుకుంటే గడియారం గొడవే ఉండదు, మీరు పెట్టుకునేటప్పుడు అట్టాగే పెట్టుకోండి.

పన్నెండుకి చెట్టు పాకింది, నక్షత్రం వెలిగింది. అయితే అయ్యగారి ప్రార్థన ఇంకా అవలేదు. లోపల అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు, బయట పిల్లలు హ్యాపీ న్యూ ఇయర్ అని అరిచేశారు. ఆయన ఆమెన్ చెప్పి బయటికి వచ్చి, మళ్ళీ ఒకసారి వెయ్యగలవా బాబూ అన్నారు. వేశాను. అప్పటి నుంచి టైము మీద నడిచేదానికి తోడుగా ఫోన్లో ఒక బటన్ కూడా పెట్టుకున్నాను, ప్రార్థన ఎప్పుడు ముగిస్తే అప్పుడు నొక్కడానికి.